తడి ఆరని సింకు

"ఆయన ఏ ఫ్లాట్‌లోకీ వెళ్ళలేదు మేడమ్. పోలీసులకీ ఇదే చెప్పాను, మీకూ ఇదే చెప్తున్నాను," అంది గ్లెండా పైపర్.

ఆమెకి ఎదురుగా వెర్నా గాస్కిన్ కూర్చుని ఉంది. సెడార్ కోర్ట్ అపార్ట్‌మెంట్ల మేనేజరు గది వెచ్చగా ఉంది. గ్లెండా పోసిచ్చిన కాఫీ బల్ల మీద చల్లారిపోతోంది. వెర్నా ఒంటి మీద భర్త కోటు ఉంది. చేతులు పొడుగై వేళ్ళ దాకా జారుతున్నా ఆమె దాన్ని మూడు వారాలుగా విప్పడం లేదు.

మూడు వారాల కిందట ఆమె భర్త ఎమెట్ ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. కట్టడాలు పరీక్షించడం అతని వృత్తి. రిటైరైన బస్సు డ్రైవర్ల పింఛను నిధి ఈ అపార్ట్‌మెంట్లను కొని అద్దెల ఆదాయంతో నడవాలనుకుంది. కొనేముందు చూసి రమ్మని ఎమెట్‌ని పంపింది. మర్నాడు పొద్దున వెనక బ్లాకు పక్కన, మంచులో, అతని శవం దొరికింది. డాబా మీద కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకుని కేసు మూసేశారు.

ఈ సాయంత్రం నాలుగింటికి డ్రైవర్లంతా యూనియన్ హాల్లో కూడి కొనాలా వద్దా తేల్చుకోబోతున్నారు. వెర్నా చూసి సరేనంటే తప్ప ఒప్పుకుంటూ చెయ్యెత్తేది లేదని వాళ్ళు పట్టుబట్టారు. పోలీసు డిటెక్టివ్ ఉద్యోగం వదిలేశాక వెర్నా భర్తతో కలిసి ఈ పనే చేస్తూ వచ్చింది. గోడలూ పైపులూ అతను చూసేవాడు, మనుషుల్ని ఆమె చూసేది. ఇప్పుడు రెండూ ఆమే చూడాలి.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పండి," అంది వెర్నా. "ఎన్నింటికి వచ్చాడు?"

"భోజనాలయ్యాక. ఒంటిగంట దాటి ఉంటుంది. డాబా తాళంచెవి అడిగాడు, ఇచ్చాను. వెనక బ్లాకులోకి వెళ్ళడం ఈ కిటికీలోంచి చూశాను."

"బ్లాకులోకి వెళ్ళడం చూశారా, డాబా ఎక్కడం చూశారా?"

"బ్లాకులోకి వెళ్ళడమే."

"అయితే ఫ్లాట్‌లోకి వెళ్ళలేదని ఎట్లా చెప్పగలరు?"

గ్లెండా ముఖం మీది నవ్వు సడలింది. "ఫ్లాట్ల తాళాలు ఆయన అడగలేదు కదా మేడమ్. పైగా డాబా తాళంచెవి ఆయన జేబులోనే దొరికింది."

"సాయంత్రమైనా ఆయన కారు కదల్లేదు. ఏమైందో చూద్దామనిపించలేదా?"

"నేను అయిదింటికల్లా ఇంటికెళ్ళిపోతాను. ఎవరి కారు ఎక్కడుందో చూసుకుంటూ కూర్చోను." గ్లెండా గొంతు తగ్గించింది. "మీ బాధ నాకు అర్థమవుతుంది. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే, ఎవరో ఒకరిది తప్పయి ఉండాలని వెతికాను."

"మా ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి. డాబాలెక్కడం మానేసి రెండేళ్ళయింది. మంచు పట్టిన డాబా మీదికి తాళంచెవి అడిగి మరీ ఎక్కాడంటే నేను నమ్మను. వెనక బ్లాకు తాళాలివ్వండి."

"అద్దెకున్నవాళ్ళంతా పనులకెళ్ళి ఉంటారు. ముందు చెప్పకుండా తలుపులు తీయడం..."

"అన్ని ఫ్లాట్లూ నిండాయనే కదా మీరు ధర చెప్పారు? నిండిన ఫ్లాట్లు చూడకుండా ఎవరు కొంటారు? లేదంటే చెప్పండి, ఇప్పుడే యూనియన్ హాలుకి ఫోన్ చేసి బేరం వద్దంటాను."

తాళాల గుత్తి బల్ల మీదికొచ్చింది. వెర్నా గది దాటేలోపే గ్లెండా చెయ్యి ఫోను మీదికి పోయింది. తలుపు అద్దంలో అది వెర్నాకి కనిపించింది.

వెనక బ్లాకుకి మూడు అంతస్తులు, అంతస్తుకి మూడు ఫ్లాట్లు. తలుపుల ముందు పట్టలు పరిచి ఉన్నాయి. మొదటి ఫ్లాట్ తలుపు తీయగానే చౌకరకం సువాసన గుప్పుమంది. గుమ్మం పక్కన ఆడవాళ్ళ బూట్లు, పిల్లవాడి బూట్లు. మూలన దీపం వెలుగుతోంది. కిటికీలకి పూల తెరలు. పైపైన చూస్తే ఎవరో ఇప్పుడే పనికెళ్ళినట్టుంది.

వెర్నా పిల్లవాడి బూటు తిరగేసి చూసింది. అడుగున మట్టి మరక లేదు. ఊరంతా మంచూ, అది కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పూ కలిసి బురదగా ఉన్న రోజుల్లో ఇంత శుభ్రమైన బూట్లా? మంచం మీది దుప్పటికి పెట్టెలోంచి తీసినప్పటి మడతలు ఇంకా పోలేదు. ఫ్రిజ్ తెరిచింది. లోపల చీకటి. సువాసన వెనక నుంచి ఇంకేదో వాసన, మురుగు వాసన, మెల్లగా పైకి వస్తోంది.

ఆమె వంటగది సింకు దగ్గరికెళ్ళి టార్చి వేసి రంధ్రంలోకి చూసింది. పొడి. సింకు కింద పైపు వంపులో నిలవాల్సిన నీళ్ళు ఎప్పుడో ఆవిరైపోయాయి, అందుకే మురుగు కంపు ఇంట్లోకి ఎగదన్నుతోంది. బాత్‌రూమ్‌లోనూ అంతే. నెలల తరబడి ఈ ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పలేదు, ఎవరూ చేతులు కడుక్కోలేదు.

బూట్లు తెచ్చారు, తెరలు కట్టారు, దీపాలు పెట్టారు. నీళ్ళ సంగతి మాత్రం వాళ్ళకి తోచలేదు.

తర్వాతి ఫ్లాట్ కూడా అదే. ఆ పైదీ అదే. చూసిన ప్రతి ఇంటి తలుపూ బార్లా తీసి ఉంచుతూ ఆమె రెండో అంతస్తు దాకా వచ్చింది. కొనేవాళ్ళ కళ్ళకు గంతలు కట్టడానికి ఒక బ్లాకు మొత్తాన్ని నాటకం సెట్టులా అలంకరించారు. జీవితమంతా బస్సులు నడిపినవాళ్ళు ముసలితనానికి దాచుకున్న డబ్బంతా ఈ ఖాళీ గదుల్లో పోసెయ్యబోతున్నారు.

బేరం సంగతి తేలిపోయింది. కానీ వెర్నా మెట్ల మీద కూలబడింది.

ఎందుకంటే ఎమెట్‌కి ఒక అలవాటుండేది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు కుళాయిలన్నీ తిప్పేవాడు. పరీక్షకెళ్ళిన ఇల్లే కానక్కర్లేదు. పెళ్ళికి ముందు ఆమె అక్క ఇంటికి మొదటిసారి భోజనానికొచ్చి, పలకరింపులైనా కాకముందే వంటగదిలోకెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పోతున్న చప్పుడు తలవంచి విన్నాడు. "ఈయనకి బుర్ర సరిగ్గానే ఉందా?" అని అక్క చెవిలో అడిగింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో వెర్నా అతని చొక్కా పట్టి వెనక్కి లాగిందో! ఎమెట్ ఈ ఫ్లాట్లలోకి వచ్చి ఉంటే కుళాయి తిప్పకుండా ఉండడు. తిప్పి ఉంటే మూడు వారాల్లో ఆ నీళ్ళు ఇంతగా ఎండవు.

అంటే అతను రాలేదు. గ్లెండా చెప్పిందే నిజమా? మోకాళ్ళ నొప్పి పెట్టుకుని, ఇక డాబాలెక్కనని భార్యకి మాటిచ్చి కూడా, ఆ మంచు డాబా ఎక్కాడా? తనకి చెప్పకుండా ఇంకెన్ని డాబాలెక్కాడు? మనిషి పోయాక కూడా అతని మీద కోపం రావడం ఆమెకి కొత్త. ఆ కోపం కింద ఉన్న దుఃఖం ఇంకా పెద్దదని తెలిసి, కోటు చేతుల్లో మొహం దాచుకుని కాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత లేచింది. పని సగంలో వదలడం ఆమెకీ తెలియదు, అతనికీ తెలియదు.

మూడో అంతస్తులో మొదటి రెండు ఫ్లాట్లూ పొడి. చివరిది మూడు-సి. తలుపు తీసింది. బూట్లు, తెర, దీపం. కానీ మురుగు వాసన లేదు.

వెర్నా సింకు దగ్గరికి నడిచింది. టార్చి వేసింది. రంధ్రం అడుగున వెలుగు తగిలి చిన్నగా మెరిసింది.

నీళ్ళు.

బాత్‌రూమ్ సింకులోనూ నీళ్ళే. స్నానాల తొట్టిలోనూ నీళ్ళే. ఒక్క కుళాయి కూడా వదిలిపెట్టలేదు. మోకాళ్ళు బాగాలేనివాడు కాబట్టి ఒకేసారి పైకెక్కి, చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ చూద్దామనుకున్నాడు. మొదటి ఇల్లు ఇదే. కిందికి దిగనే లేదు.

"వచ్చావు," అంది వెర్నా గట్టిగా, ఆ ఖాళీ వంటగదిలో. "డాబా ఎక్కలేదు నువ్వు. ఇక్కడికే వచ్చావు." సింకు అంచు పట్టుకుని, అంత్యక్రియల రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.

"గాస్కిన్! నీకసలు బుద్ధుందా?"

గుమ్మంలో సార్జెంటు కామిన్‌స్కీ. టోపీ మీద మంచు కరుగుతోంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. ఆమెకి రావాల్సిన పదవి అతనికి వచ్చింది. అప్పట్నుంచీ ఎదురుపడితే పలకరింపుకి బదులు పోట్లాటే. ఎమెట్ కేసు మూసింది కూడా ఇతనే.

వెర్నా కళ్ళు తుడుచుకోలేదు. "గ్లెండా పిలిచిందా? భలే తొందరగా వచ్చావే. మా ఆయన శవం దగ్గరికి ఇంత తొందరగా రాలేదు."

"మేనేజర్ని బెదిరించావట."

"బెదిరిస్తే కాఫీ ఇస్తుందా?"

"చూడు, మొగుడు పోయినదాన్ని బయటికి ఈడ్చుకెళ్ళే పని నాకు పెట్టకు. మర్యాదగా ఇంటికి పో. డాబా తాళంచెవి జేబులో ఉంది, డాబా అంచు కింద పడున్నాడు. రాత్రంతా కురిసిన మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. ఇందులో తవ్వడానికేముంది?"

"సింకులో నీళ్ళున్నాయి."

"ఏంటీ?"

"సింకులో నీళ్ళు."

కామిన్‌స్కీ నెత్తి మీది టోపీ తీశాడు. "సింకులో నీళ్ళున్నాయని కేసు తిరగతోడమంటావా? మా ఇంటి సింకులోనూ ఉన్నాయి, వచ్చి నన్నూ అరెస్టు చెయ్యి."

"మీ ఇంట్లో మనుషులున్నారు. ఈ బ్లాకులో పురుగు కూడా లేదు. తలుపులన్నీ తీసే ఉంచాను. వెళ్ళి ఒక్కో సింకూ వాసన చూసిరా. ఆ తర్వాత ఇక్కడ ఎవరు నీళ్ళు వదిలారో నువ్వే చెప్పు."

అతను విసుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి విసుగు లేదు.

"వెనక బ్లాకంతా నాటకమే," అన్నాడు మెల్లగా.

"ఎమెట్ అది కనిపెట్టాడు. ఈ గదిలో."

"కనిపెట్టి డాబా ఎక్కి ఉండొచ్చుగా?"

"ఎందుకు ఎక్కుతాడు? బ్లాకే ఖాళీ అని తెలిశాక డాబా కారుతోందో లేదో ఎవడికి కావాలి?" వెర్నా బాల్కనీ తలుపు తోసింది. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది. "ఇటు రా. పక్క బాల్కనీ రెయిలింగు చూడు, కింద బాల్కనీది చూడు. అన్నీ తుప్పుపట్టి పెళుసెక్కి ఉన్నాయి. ఇప్పుడు దీన్ని చూడు."

మూడు-సి రెయిలింగుకి కొత్త రంగు. గోడలోకి దిగిన బోల్టులు తళతళమంటున్నాయి. వాటి చుట్టూ సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది.

కామిన్‌స్కీ మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు మీద వేలితో రాశాడు. చాలాసేపు లేవలేదు.

"ఇక్కడ్నుంచి పడితే వెనక పెరట్లో పడాలి. మాకు దొరికింది ఆ పక్కన, పార్కింగు వైపు," అన్నాడు.

"అది నువ్వు చెప్పాలి నాకు. చూసింది నువ్వు. పడ్డ క్షణంలోనే ప్రాణం పోయింది, ఆయనకేమీ తెలీదు అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది కూడా నువ్వే."

అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. టోపీ పెట్టుకున్నాడు. "రెయిలింగు ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో ఆ మేనేజర్ని అడిగొస్తాను. నువ్విక్కడే ఉండు. దేన్నీ ముట్టుకోకు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను తొందరపడ్డానేమో, గాస్కిన్."

"తొందరపడ్డావు."

అతను కిందికి దిగిపోయాక ఆమె ఫోన్ తీసింది. ఇలాంటి సమయంలో ఆమె పిలవగలిగిన మనిషి ఇక ఒక్కడే మిగిలాడు.

ఆర్విల్ ట్రెంట్ పింఛను నిధికి పెద్ద. ఎమెట్‌కి ముప్ఫయ్యేళ్ళ స్నేహితుడు. వాళ్ళ చర్చిలో అందరూ ఒకరికొకరు అన్నా చెల్లెళ్ళే అయినా, ఆర్విల్‌ని అన్నా అని పిలిచినప్పుడు వెర్నా మనసారా పిలిచేది. శవపేటికని ముందు పట్టుకున్నది అతనే. ఈ మూడు వారాలూ సాయంత్రమయ్యేసరికి ఏదో ఒకటి వండించి గిన్నెతో తెచ్చి, ఆమె రెండు ముద్దలు తినేదాకా ఎదురుగా కూర్చున్నదీ అతనే. "నువ్వు అట్టే తిరగనక్కర్లేదు చెల్లెమ్మా," అన్నాడు ఈ పొద్దున. "ముందువైపు బ్లాకు ఒక్కటి చూసి బాగుందని చెప్పెయ్. పడిపోతావు."

"అన్నా," అంది ఫోన్లో. "ఎమెట్ డాబా ఎక్కలేదు. ఒక ఫ్లాట్‌లోకి వెళ్ళాడు. ఆ ఫ్లాట్ దొరికింది. అందులోనే ఉన్నాను. నాకు... నాకు ఒక్కదానికి ఉండబుద్ధి కావడం లేదు."

"కదలకు. వస్తున్నా," అన్నాడు ఆర్విల్.

యూనియన్ హాలు రెండు వీధుల అవతలే. ఆమె బాల్కనీ తలుపు మూసి, గాలికి ముందు తలుపు కొట్టుకుంటుంటే అదీ మూసేసింది. కాసేపటికి కింద అడుగుల చప్పుడు వినిపించింది. బరువైన, నెమ్మదైన అడుగులు, ఆర్విల్‌వి. అవి మొదటి అంతస్తు చేరాయి. అక్కడ మూడు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. ఏ మనిషైనా ఆగి ఒకసారి లోపలికి తొంగిచూస్తాడు, వెర్నా అని పిలుస్తాడు. అడుగులు ఆగలేదు. రెండో అంతస్తు. అక్కడా ఆగలేదు. మూడో అంతస్తులో తీసి ఉన్న రెండు తలుపులూ దాటుకుని, మూసి ఉన్న ఒక్క తలుపు ముందుకి వచ్చి ఆగాయి.

రెండుసార్లు తలుపు తట్టిన చప్పుడు.

వెర్నా నిలుచున్న చోటే నిలుచుండిపోయింది. ఏ ఫ్లాటో తను చెప్పలేదు. ఏ బ్లాకో కూడా చెప్పలేదు. అంతకుముందు ఎన్నో కేసుల్లో ఇలాంటి క్షణం వచ్చినప్పుడు ఆమెకి గెలిచినట్టుండేది. ఇప్పుడు మాత్రం ఇంకో మనిషి కూడా చచ్చిపోయినట్టనిపించింది.

తలుపు తీసింది. పొడుగాటి మనిషి, తెల్లగడ్డం, చర్చికి వేసుకెళ్ళే నల్లకోటు. "చెల్లెమ్మా," అంటూ చేతులు చాపాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "సెడార్ కోర్టుకి నువ్వెప్పుడూ రాలేదన్నావు, అన్నా."

"రాలేదు. ఎందుకూ?"

"తొమ్మిది ఇళ్ళలో ఈ ఇల్లే అని నీకెవరు చెప్పారు?"

ఆర్విల్ చూపు ఆమెని దాటి బాల్కనీ తలుపు మీద పడింది. అంతటితో ఆ పెద్ద శరీరం గోడకి జారగిలబడి, నేల మీదికి జారి, పిల్లవాడి బూట్ల పక్కన కూర్చుండిపోయింది.

"నేను తొయ్యలేదు," అన్నాడు. "దేవుడి మీద ఒట్టు వెర్నా, నేను తొయ్యలేదు."

"చెప్పు."

"ఇక్కడ్నుంచే ఫోన్ చేశాడు. 'వెర్నాకి చెప్పేముందు నీకు చూపిస్తాను రా, నువ్వూ మోసపోయావు' అన్నాడు. నేనూ మోసపోయాననే అనుకున్నాడు! నా మీద మచ్చ పడకూడదని నన్ను ముందు పిలిచాడు." ఆర్విల్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "కిందటిసారి నేను కొనిపించిన బిల్డింగు నష్టాల్లో మునిగింది. ఎవరికీ తెలీదు. ఈ బేరం కుదిరితే ఆ గొయ్యి పూడుస్తామన్నారు అమ్మేవాళ్ళు. డ్రైవర్ల ముందు తలెత్తుకోలేక ఒప్పుకున్నాను. ఇదంతా ఎమెట్‌కి చెప్పేశాను. కాళ్ళు పట్టుకున్నాను. 'ఊపిరాడటం లేదు ఆర్విల్' అని బాల్కనీలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకున్నా. విదిలించుకుని రెయిలింగుకి ఆనుకున్నాడు. అంతే. అది పేలపిండిలా రాలిపోయింది."

"తర్వాత?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"తర్వాత ఏం చేశావు అన్నా?"

"పరిగెత్తుకుంటూ కిందికెళ్ళాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. మాట్లాడాడు."

"అబద్ధం," అంది వెర్నా. "పడ్డ క్షణంలోనే పోయాడు."

"లేదు." ఆ మాట అన్నది ఆర్విల్ కాదు. గుమ్మంలో కామిన్‌స్కీ నిలుచున్నాడు. "కింద మిగతా రెయిలింగులు చూసుకుంటూ మేనేజరు గదికి పోతుంటే ఈయన దారి అడగకుండా ఇటు రావడం చూశాను, వెనకే వచ్చాను." అతను టోపీ తీశాడు. "చాలాసేపు బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడు, వెర్నా. నీకు చెప్పలేకపోయాను. చెప్పి మాత్రం ఏం లాభం అనుకున్నాను."

ఇన్నేళ్ళలో అతను ఆమెని గాస్కిన్ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమె అది గమనించే స్థితిలో లేదు. ఆర్విల్ ముందు నేల మీద కూర్చుంది.

"ఏమన్నాడు?"

"వద్దమ్మా."

"ఏమన్నాడో చెప్పు. అది నీది కాదు. నాకు చెప్పమని నీ దగ్గర పెట్టాడు."

ఆర్విల్ కళ్ళు మూసుకున్నాడు. "'వెర్నాని పిలువు,' అన్నాడు. 'తను వస్తే లేస్తాను. నా మోకాళ్ళ సంగతి తనకి తెలుసు, ఎటు పట్టుకోవాలో తనకే తెలుసు,' అన్నాడు. నేను నీ నంబరు నొక్కాను. ఒకసారి మోగింది. నువ్వొస్తే అంతా బయటపడుతుందని... ఆపేశాను."

ఆ ఒక్క మోత ఆమెకి గుర్తుంది. ఇంట్లో అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. తిరిగి ఆర్విల్‌కి ఫోన్ చేస్తే "ఏదో పొరపాటున నొక్కాను చెల్లెమ్మా" అన్నాడు. సరేలే అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

వెర్నా నోటి వెంట ఏడుపు రాలేదు. ఏడుపు కంటే లోతైనదేదో, గొంతులోంచి చిన్నగా, పసిపిల్ల మూలిగినట్టు వచ్చింది. కామిన్‌స్కీ గోడవైపు తిరిగాడు.

"వదిలేసి పోయావా? మంచులో?"

"ఊరికే వదల్లేదు! గ్లెండాకి ఫోన్ చేశాను. పడిపోయాడు, పెరట్లో ఉన్నాడు, వెంటనే అంబులెన్సుని పిలవమన్నాను. పిలుస్తానంది. నేనిక్కడ కనపడకూడదని తనే నన్ను పొమ్మంది. మర్నాడు పోయాడని తెలిసి, అంబులెన్సు వచ్చేసరికే పోయాడేమో అనుకున్నాను. ఎవర్నీ అడిగే ధైర్యం లేకపోయింది."

కామిన్‌స్కీ గిరుక్కున తిరిగాడు. "అంబులెన్సా? ఆ రోజు ఇక్కడికి ఏ అంబులెన్సూ రాలేదు. పొద్దున చెత్తబండివాడు చూసేదాకా ఎవరూ పిలవలేదు. పెరట్లో అంటున్నావు, పెరట్లో ఎక్కడ?"

"ఈ బాల్కనీ కిందే. నేను వదిలి వెళ్ళింది అక్కడే."

"మాకు దొరికింది పార్కింగు వైపు."

వెర్నా అందుకుంది. ఆమె గొంతు విచిత్రంగా నెమ్మదిగా ఉంది.

"ఈడ్చుకెళ్ళారు. బతికుండగానే. జేబులో డాబా తాళంచెవి పెట్టి, డాబా అంచు కింద పడేసి, మంచు కురిసేదాకా..." ఆగింది. "ఎమెట్ బరువైన మనిషి. గ్లెండా ఒక్కతే లాగలేదు. రెయిలింగుకి బోల్టులు బిగించింది కూడా తను కాదు. ఇంకొకడున్నాడు."

"ఆ గ్లెండాని ఒంటరిగా వదిలేశాను," అన్నాడు కామిన్‌స్కీ. ఆర్విల్ చేతికి బేడీ వేసి, రెండో కొస వేడినీళ్ళ గొట్టానికి తగిలించి, మెట్లమీద పరుగెత్తాడు. కాసేపటికి కింద ఆవరణలోంచి అతని కేక వినిపించింది. మేనేజరు గది తీసే ఉంది, గ్లెండా లేదు, ఆమె కారూ లేదు. అతను రేడియోలో గట్టిగా ఎవరికో కారు రంగు చెప్తున్నాడు.

వెర్నా బాల్కనీలోకి వెళ్ళింది. కింద పెరట్లో మంచు గట్టిపడి, చదునుగా, ఏ గుర్తూ లేకుండా ఉంది. వెనకనుంచి ఆర్విల్ "చెల్లెమ్మా, చెల్లెమ్మా" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె ఇక ఎప్పటికీ ఆ పిలుపుకి పలకదు. గది దాటి, మెట్లు దిగి, బ్లాకు చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళింది. మూడు-సి బాల్కనీకి సరిగ్గా కింద, మంచులో, మోకాళ్ళ మీద కూర్చుంది.

ఫోన్ మోగింది. యూనియన్ హాల్లోంచి మిస్ లుటీ. ఊళ్ళో బస్సు నడిపిన మొదటి ఆడమనిషి, ఇప్పుడు ఎనభై దాటిన ముసలామె. వెనకాల కుర్చీల చప్పుడు, మనుషుల గోల.

"వెర్నా, బిడ్డా, నాలుగు కొట్టింది. ఆర్విల్ ఎక్కడికి పోయాడో తెలీదు. అందరూ వచ్చి కూర్చున్నారు. చెప్పు తల్లీ, కొనమంటావా?"

"వద్దు మిస్ లుటీ. ఎవరూ చెయ్యెత్తొద్దు. ఈ ఇళ్ళలో మనుషులు లేరు."

"అయ్యో. సరే బిడ్డా, నువ్వు చెప్పావు, చాలు." అవతల ముసలామె కాసేపు వింది. "గాలి చప్పుడొస్తోంది. ఇంత చలిలో బయటేం చేస్తున్నావు? ఎక్కడున్నావు?"

వెర్నా అరచేతిని మంచు మీద ఆనించింది.

"ఎమెట్ పిలిచాడు మిస్ లుటీ," అంది. "ఇప్పుడొచ్చాను."